గాలి కలిపితే కాంక్రీటు పాడవుతుందా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

అమెరికాలో ఇళ్లు కొన్న మనవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "డ్రైవ్‌వేలు (ఇంటి ముందు కారు వెళ్లే కాంక్రీటు దారులు) మంచుకి పెచ్చులూడుతున్నాయి. కాంట్రాక్టర్లు సిమెంటు మిగుల్చుకుని గాలి కలుపుతున్నారు. గట్టిగా వేస్తే మంచు ఏమీ చేయదు. రోమన్ల కట్టడాలు 2,000 ఏళ్లుగా లేవా?"

గాలి కలుపుతారు, నిజమే. కావాలనే కలుపుతారు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాలు నీటితో నిండి ఉంటే ఆ ఒత్తిడికి లోపలే చీలికలొస్తాయి. పక్కనే ఖాళీ బుడగ ఉంటే నీరు అందులోకి తప్పుకుంటుంది. 1930ల్లో అమెరికాలో కొన్ని రోడ్లు మాత్రం మంచుకి తట్టుకుంటున్నాయని గమనించి ఆరా తీస్తే, వాటికి వాడిన సిమెంటు నూరేటప్పుడు పశువుల కొవ్వు కలిపారని తేలింది. ఆ కొవ్వు వల్లే సన్నని బుడగలు పుట్టాయి. ఇప్పుడు అదే పని కాంక్రీటులో కలిపే ఒక రసాయనంతో చేస్తారు. బుడగలు కంటికి ఆనవు. లోపల ఎక్కడ చూసినా 0.2 మిల్లీమీటర్ల దూరంలో ఒకటి ఉండాలి. వైబ్రేటర్ (కాంక్రీటుని కుదిపే యంత్రం) పెట్టి తీసేసే పెద్ద గాలి గుంటలు వేరు, ఇవి వేరు.

బలం తగ్గదా అంటే తగ్గుతుంది, ఒక్కో శాతం గాలికి సుమారు 5 శాతం. నీళ్లు తగ్గించి ఆ లోటు పూడుస్తారు. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా తడిగా ఉండి గడ్డకట్టే చోట, ఎం50 కన్నా తక్కువ గ్రేడైతే (గ్రేడంటే బలాన్ని బట్టి ఇచ్చే తరగతి), 20 మి.మీ. కంకరకి 5 శాతం గాలి (ఒకటి అటూ ఇటూ) ఉండాలంటుంది.

రోమన్ల మాటకొస్తే, రోమ్‌లో నీరు గడ్డకట్టే రోజులే తక్కువ. అక్కడెవరూ మంచు కరగాలని ఉప్పు చల్లి కార్లు నడపలేదు కూడా.

మరి పెచ్చులెందుకు ఊడుతున్నాయి? ఊడిన పెచ్చు చేతిలోకి తీసుకుని చూడండి. చాలాసార్లు బిళ్లంత పలచగా ఉంటుంది, కింద కంకర గట్టిగానే ఉంటుంది. అంటే పాడైంది పైపొర. నున్నగా రావాలని నీళ్లు చిలకరించి తాపీ పట్టినా, పైకి ఊరిన నీరు ఆరకముందే రుద్దినా, ఆ పొరలో బుడగలు పోతాయి, సిమెంటు పలచబడుతుంది. దాని మీద ఉప్పు పడితే ఇంకేముంది! కాంట్రాక్టర్‌ని నిలదీయాల్సిందే, కాకపోతే గాలి ఎందుకు కలిపావని కాదు. కాంక్రీటు తెచ్చిన లారీ దగ్గర గాలి ఎంత శాతం వచ్చిందో కొలిచారా అని అడగండి. మొదటి చలికాలం ఉప్పు జోలికి పోకుండా ఇసుక చల్లుకోండి.