గృహప్రవేశానికి కార్బైన్ కానుక

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఇల్లు కొన్న తెలుగువాళ్ళ గృహప్రవేశానికి ఏం పట్టుకెళ్ళాలన్నది ఎప్పుడూ ఉన్న సమస్యే. వెండి కుంకుమభరిణెలు ఎవరింట్లో చూసినా డజన్ల కొద్దీ ఉన్నాయి, ఇన్‌స్టంట్ పాట్‌లు డబ్బా విప్పకుండానే మూడో గృహప్రవేశానికి వెళ్తున్నాయి. అందుకని బాగా ఆలోచించి చెబుతున్నాను, ఇకమీదట అందరం పిస్తోలు తూటా వాడే కార్బైన్ ఇద్దాం.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చూడ్డానికి చిన్న రైఫిల్, అందులో వేసేది మాత్రం పిస్తోలు తూటా, ఎక్కువగా 9 ఎంఎం. పీసీసీ, అంటే పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ అంటారు. ఆలోచన కొత్తదేం కాదు. వించెస్టర్ 1873 రైఫిల్‌లో వాడే .44-40 తూటానే కొన్నేళ్ళకి కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌కీ పెట్టింది, గుర్రం మీద తిరిగేవాడు నడుముకి ఒకే రకం తూటాల పట్టీ కట్టుకుంటే రెండింటికీ సరిపోయేది. ఇప్పుడు రూగర్ పీసీ కార్బైన్‌కి గ్లాక్ పిస్తోలు మ్యాగజైన్లు, అంటే తూటాలు పేర్చే పెట్టెలు, పడతాయి. కెల్‌టెక్ సబ్-2000 అయితే మధ్యకి మడిచి ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టేయొచ్చు, ఐటీవాళ్ళని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారని నా గట్టి అనుమానం.

ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒక తుపాకీ అన్నయ్య ఉంటాడు. నిన్నమొన్నటిదాకా మార్ట్‌గేజ్ రేట్ల గురించి సలహాలిచ్చింది కూడా ఆయనే. "తమ్ముడూ, పిస్తోలు అందరికీ పట్టుబడదు. చేతులు వణుకుతుంటే తూటా ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. కార్బైన్ అయితే భుజానికి ఆనుతుంది, చెంపకి ఆనుతుంది, రెండు చేతులూ ఉండనే ఉన్నాయి. గురి చచ్చినా కదలదు" అంటాడు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతికి ఇది ఇస్తే పిస్తోలు కన్నా చాలా త్వరగా అట్టముక్కకి చిల్లులు పెట్టేస్తారు. తూటా కూడా రైఫిల్ తూటా కన్నా చవక. గొట్టం పొడుగు కాబట్టి తూటా వేగం సెకనుకి ఓ 100 నుంచి 200 అడుగులు పెరుగుతుంది. అయితే తూటాలోని మందు మధ్యదారిలోనే కాలిపోతుంది గనక ఆ పైన గొట్టం ఎంత పొడుగున్నా ఒరిగేదేం లేదు, ఎంత పెరిగినా సెకనుకి 3000 అడుగులు పోయే .223 రైఫిల్ తూటా దరిదాపులకి రాదు. ఈ చివరి వాక్యాన్ని అన్నయ్య ఎప్పుడూ ఫార్వర్డ్ చెయ్యడు.

ఆటలో మాత్రం దీని దర్జా వేరు. యూఎస్‌పీఎస్‌ఏ అనే అమెరికా షూటింగ్ సంఘం పోటీల్లో 2016 నుంచి వీటికి ప్రత్యేక విభాగం ఉంది. పాయింట్లని పట్టిన సమయంతో భాగిస్తారు, కాబట్టి గురీ కావాలి, పరుగూ కావాలి. పిస్తోలువాడు బజర్ మోగాక ఒరలోంచి లాగాలి, మనవాడు అప్పటికే రెండు చేతుల్తో పట్టుకుని స్టాక్‌ని, అంటే భుజానికి ఆనే వెనక భాగాన్ని, బెల్టుకి ఆనించి నిలబడి ఉంటాడు. పైగా గురికి ఎర్రచుక్క చూపించే రెడ్ డాట్ అద్దం, పొడుగాటి మ్యాగజైన్. విభాగాలు వేరు కాబట్టి పిస్తోలువాళ్ళకి వచ్చే నష్టం ఏమీ లేదు, అయినా మొత్తం జాబితాలో తమ పేరు నిన్నకాక మొన్న చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాడి పేరు కింద కనిపిస్తే కడుపుమంట సహజం కదా.

ఇక చట్టం. గొట్టం 16 అంగుళాలుంటే అది రైఫిల్, షాపులో కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవచ్చు. పదిహేనున్నర ఉండి వెనక స్టాక్ ఉంటే 1934 నాటి చట్టం కింద ప్రమాదకరమైన వస్తువు, ప్రభుత్వంలో రిజిస్టర్ చేయించాలి. అదే పదిహేనున్నరని మొదటినుంచీ స్టాక్ లేకుండా తయారుచేస్తే పిస్తోలు, మంచిదైపోతుంది. అంటే భుజానికి ఆనించి జాగ్రత్తగా కాల్చే మనిషి వల్లే దేశానికి ప్రమాదం. 200 డాలర్ల పన్ను మాత్రం 2026 జనవరి నుంచి సున్నా చేశారు, రిజిస్ట్రేషన్ అలాగే ఉంచారు.

మనవాళ్ళకి అసలు చిక్కు వీసాతో. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు వచ్చాక కొనుక్కోవచ్చు, మన వరుస సంగతి తెలిసిందే, అప్పటికి మోకాళ్ళు ఉంటాయో లేదో. కానీ చట్టం దయగలది, ఒక సందు వదిలింది: వేట లైసెన్సు ఉంటే పరవాలేదు. టెక్సస్‌లో అక్కడి నివాసికి దాని ధర 25 డాలర్లు. వేటాడి తీరాలన్న షరతు లేదు. జన్మలో గోంగూర తప్ప ఇంకే ప్రాణిని కొయ్యని మనిషి, వెల్లుల్లి కూడా ముట్టని మనిషి, అధికారికంగా వేటగాడై షాపులో తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫారం 4473 నింపుతూ నిలబడ్డం ఈ దేశం మనకిచ్చిన గొప్ప అవకాశాల్లో ఒకటి.

ఒక చిన్న షరతు. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. ఆ రోజుల్లోనే వచ్చే వినాయకచవితి పత్రి హడావిడిలో పడి కొత్తది తీసుకోవడం మర్చిపోతే మన వేటగాడు కాస్తా అల్మారాలో తుపాకీ దాచిన నేరస్థుడవుతాడు, గరిష్ఠంగా 15 ఏళ్ళ జైలు, ఆపైన విమానం టికెట్టు ప్రభుత్వ ఖర్చు మీదే. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారికీ ఇదే చట్టం వర్తిస్తుంది కాబట్టి ఆవిడకి గుమ్మం కాపలా అప్పజెప్పాలనుకునేవాళ్ళు ముందు ఆవిడ చేత కూడా వేట లైసెన్సు తీయించాలి, దానికి టెక్సస్ నివాసి కాని వాళ్ళ రేటు, 25 డాలర్లకి రాదు.

సరే, అన్నీ దాటి కార్బైన్ ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఇంటి రక్షణ. ఐదారు లక్షల డాలర్లు పోసి కొన్న ఈ ఇళ్ళ గోడలు మీకు తెలుసు, కర్ర చట్రానికి రెండువైపులా అర అంగుళం జిప్సం పలక, దేవుడి క్యాలెండర్ తగిలించాలన్నా లోపల కర్ర ఎక్కడుందో వెతకడానికి ఒక యంత్రం కావాలి. పిస్తోలు తూటా కాబట్టి నెమ్మదిగా పోతుంది, పక్కింటికి ప్రమాదం లేదు అని అన్నయ్య భరోసా. తేలికపాటి .223 తూటా పలకకి తగిలాక ముక్కలవడమో పల్టీలు కొట్టడమో చేస్తుంది గానీ, మన 9 ఎంఎం బరువైన పెద్దమనిషి, ఏ గొడవా పెట్టుకోకుండా ఒక్కో గోడా దాటుకుంటూ హాలు, పిల్లల గది, పక్కింటి రెడ్డిగారి పూజగది చూసుకుని వెళ్తుంది. ఇంట్లో పేలిస్తే చెవుల సంగతి వేరే చెప్పాలా.

అయినా దొంగ ఎప్పుడొస్తాడు? భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని అమెరికా దొంగలందరికీ తెలుసు, కొన్ని ఊళ్ళలో పోలీసులే మనవాళ్ళని కూర్చోబెట్టి హెచ్చరించారు. పాపం వాళ్ళు అర్ధరాత్రి ముసుగేసుకుని మనతో యుద్ధానికి రారు. పట్టపగలు అందరూ ఆఫీసుకో, శనివారం గుడికో, ఉగాది ఫంక్షన్‌కో వెళ్ళాక వస్తారు. ఆ సమయానికి కార్బైన్ ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. బంగారంతోపాటు అదీ పోతుంది, నాలుగు చోట్ల ఆనినా తనని తాను కాపాడుకోలేదు.

దీనికీ పరిష్కారం ఉంది. పిల్లలకి అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సస్‌లో అదో నేరం కాబట్టి ఎలాగూ సేఫ్ కొనాలి. నేనూ వెళ్ళి చూశాను, మోటుగా, దిట్టంగా, నేలకి బిగించేది, ధర కార్బైన్ ధరని ఎప్పుడో దాటేసింది. భద్రత విషయంలో పిసినారితనం కూడదని కొనేశాను. ఇంత పెట్టె ఖాళీగా ఎందుకని మా ఆవిడ తన నగలు పెట్టింది, తర్వాత వాళ్ళ అక్క నగలు, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు, వెండి కంచాలు, ఎవరో ఇచ్చిన ఆ కుంకుమభరిణెలు కూడా. ఇప్పుడు అందులో కార్బైన్ పట్టదు, సబ్-2000 మడిచినా పట్టదు. కాబట్టి నా గృహప్రవేశానికి రాలేకపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకో సేఫ్ ఇవ్వండి.