6జీ సరే, ముందు ఆ 5జీ గుర్తు సంగతి తేల్చండి

ఇప్పుడే ఇంకో వీడియో. "6జీ వస్తోంది, రెప్పపాటులో సినిమా డౌన్‌లోడ్!" అదీ చక్రం తిరిగి తిరిగి, మూడుసార్లు ఆగి ప్లే అయింది. అయినా రెప్పపాటులో దిగిన సినిమా చూడ్డానికి మళ్ళీ రెండున్నర గంటలు కూర్చోవాలి కదా నాయనా!

5జీకీ ఇలాగే సెకనుకి 20 గిగాబిట్లని ఊదరగొట్టారు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారు 5జీకి పెట్టిన ఐఎంటీ-2020 లెక్కల్లో ఆ అంకె ఉన్నమాట నిజమే. కానీ అది పీక్ రేటు, గరిష్ఠం. సెల్‌లో, అంటే ఆ టవర్ పరిధిలో, ఒకే ఒక్క ఫోను, అడ్డేమీ లేదు, స్పెక్ట్రమంతా దానికే, అప్పుడు! అవే లెక్కల్లో మామూలు వాడకానికి పెట్టుకున్న డౌన్‌లోడ్ లక్ష్యం 100 మెగాబిట్లు. ఆ ముక్క ఏ ప్రకటనలోనైనా కనబడిందా?

ఇప్పుడు 6జీకి టెరాహెర్ట్జ్ భజన, అంటే వందల గిగాహెర్ట్జ్‌ల పైమాట ఫ్రీక్వెన్సీలు. యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ని ఒకవైపు కేంద్రీకరించే శక్తి) మారకుండా ఫ్రీక్వెన్సీ పదింతలు చేస్తే అందే పవర్ వందో వంతుకి పడిపోతుంది, ఇంజనీర్ల భాషలో 20 డెసిబెళ్ళ (డీబీ) దెబ్బ. 28 గిగాహెర్ట్జ్‌కే అరచెయ్యి అడ్డుపడితే సిగ్నల్ నీరసిస్తోంది. సిగ్నల్‌ని ఫోను వైపే గురిపెట్టే బీమ్‌ఫార్మింగ్ ఉందిగా అంటారు. టవర్‌కి పెద్ద ఎత్తున ఉంది, బాబూ. ఫోను పవర్ మాత్రం మామూలుగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లే. టవర్ అరుస్తుంది, ఫోను గొణుగుతుంది. వీడియో కాల్‌లో అవతలివాళ్ళు మనకి శుభ్రంగా కనబడుతూ, మన మొహం మాత్రం వాళ్ళకి గళ్ళుగళ్ళుగా కనబడేది చాలాసార్లు ఇందుకే. అన్నట్టు, 2027 ప్రపంచ రేడియో సదస్సులో మొబైల్‌ కోసం బేరం నడిచేది 4.4 నుంచి 15.35 గిగాహెర్ట్జ్ మధ్య ముక్కల మీద. టెరాహెర్ట్జ్ ఎక్కడుందో వెతుక్కోండి.

సరే, అసలు కడుపుమంట వేరే. ఫోను నెత్తిన వెలిగే ఆ '5జీ' గుర్తు. నాన్ స్టాండలోన్ నెట్‌వర్క్‌లో, అంటే 4జీ ఆసరాతో నడిచే 5జీలో, 4జీ సెల్ అన్ని ఫోన్లకీ చాటే ఎస్‌ఐబీ2 మెసేజ్‌లో 'అప్పర్ లేయర్ ఇండికేషన్' అని ఒక బిట్ పంపుతుంది. ఒక్కటంటే ఒక్క బిట్! "ఈ చుట్టుపక్కల 5జీ ఉండొచ్చు" అని దాని భావం. ఆపరేటర్ పెట్టిన సెట్టింగుని బట్టి, 5జీ సిగ్నల్ (క్యారియర్) ఒక్కటీ తగలకపోయినా ఫోను దర్జాగా 5జీ అని చూపిస్తుంది. డేటా మొత్తం 4జీ మీదే నడుస్తుంటుంది. ఉండొచ్చు అన్నదానికి ఉన్నట్టు బోర్డు!

ఆ గుర్తు పక్కన సిగ్నల్ గీతలు ఇంకో నాటకం. అవి ముఖ్యంగా చూపేది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, సిగ్నల్ ఎంత బలంగా అందుతోందని. పక్క సెళ్ళ గోల, రొద మధ్య ఆ సిగ్నల్ ఎంత తేటగా ఉందో చెప్పేది ఎస్‌ఐఎన్‌ఆర్. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 80 డీబీఎం (బలమైన సిగ్నలే) ఉన్నా ఎస్‌ఐఎన్‌ఆర్ సున్నా దగ్గర కొట్టుకుంటుంటే, నిండా గీతలు, నిలిచిపోయిన పేజీ. ఫోనులో ఈ అంకెలు చూపే ఫీల్డ్ టెస్ట్ మోడ్ తెరిచి రెండు అంకెలూ పక్కపక్కన చూడండి, ఒళ్ళు మండుతుంది. రెండూ బాగుండి కూడా పేజీ కదలకపోతే సెల్‌లో జనమైనా ఎక్కువ, టవర్ వెనక ఫైబరైనా లేదు. దానికి 6జీ రేడియో తగిలిస్తే ఏం లాభం, సన్న గొట్టానికి పెద్ద పంపు!

రేడియో సంగతేమో గానీ, 6జీ గుర్తు వెలిగించే బిట్ ఎక్కడ పెట్టాలో మాత్రం ఈపాటికి ఎవరో ఆలోచించే ఉంటారు.