ఆప్షనల్ హాలిడే గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆప్షనల్ హాలిడే గారికి, విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. బుద్ధ పూర్ణిమనాడు తమరి ప్రతాపం మళ్లీ చూశాం. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి అది తప్పనిసరి సెలవుల్లో ఒకటి. రాష్ట్ర ఆఫీసులకొచ్చేసరికి తమరి ఖాతాలో, అంటే కావాలన్నవాళ్లు అడిగి తీసుకునే సెలవుల్లో, పడింది. ఊరొకటే, పున్నమి ఒకటే. ఒక గేటుకి తాళం, ఇంకో గేటు దగ్గర హాజరు. బావికొండలో బౌద్ధుల ధాతుపేటిక (అస్థికలు దాచే పెట్టె) దొరికిన ఊరండీ ఇది! 1988 నుంచి 1993 దాకా తొట్లకొండ తవ్వించి స్తూపాలూ విహారాలూ బయటపెట్టిందీ ఈ రాష్ట్ర పురావస్తు శాఖే. అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ అనే ఇంకో బౌద్ధ క్షేత్రానికి జనం పోటెత్తేది కనుమనాడు. అది మాత్రం అందరికీ సెలవే.

ఏడాదికి అయిదు మించకూడదన్నారు, సరే. ముందుగా కాగితం పెట్టుకోమన్నారు, సరే. సీఎల్ (క్యాజువల్ లీవు) మంజూరు చేసే అధికారే సంతకం పెట్టాలన్నారు, అదీ సరే. ఆదివారం పడితే హుళక్కి, దానికీ ఏడవం. కానీ చివర్న ఒక తోక తగిలించారు చూడండి: ప్రభుత్వ పనికి ఆ మనిషి అవసరం అనుకుంటే ఇవ్వక్కర్లేదట! కిటుకంతా అక్కడే ఉంది. సంక్రాంతికి ఏ గుమస్తా అయినా "నాతో పనుందా సార్" అని అడుగుతాడా? తమరి లిస్టులో ఉన్న షబ్-ఎ-బరాత్‌కి అడగాలి. రాత్రంతా నమాజు చేసి, ఖబరస్తాన్‌లో పెద్దలకి ఫాతిహా చదివొచ్చే మనిషి, మర్నాడు తను లేకపోయినా సెక్షన్ మునిగిపోదని ముందే సార్‌ని ఒప్పించుకోవాలి. మార్చి నెలాఖర్లో గుడ్ ఫ్రైడే పడినా బిల్లుల పేరు చెప్పి ఎవరూ ఆపలేరు, అది జనరల్ లిస్టు, అందరికీ సెలవు. అదే నెలాఖర్లో నీ పండగ పడిందా, ఇక అంతే. నీకు పండగంటే పండగ కాదు, పర్మిషన్.

రంజాన్‌కి నెలవంక అటూ ఇటూ అయితే టీవీలో చెప్పినా చాలు. నీకైతే నెలవంక కంటే ముందు కాగితం కనపడాలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఏ మతంవాళ్లైనా ఏ పండక్కైనా నిన్ను వాడుకోవచ్చు. బుద్ధ పూర్ణిమకి సుబ్బారావూ సలీమూ కలిసి తొట్లకొండ ఎక్కొచ్చు. జనరల్ లిస్టుకి లేని పెద్దమనసు అది. దానికి దండం పెడతాం.

ఆ అయిదూ అయిదుగానే ఉంచుకో. పెంచమని అడగం. వచ్చే డిసెంబరులో కొత్త జీవో టైపు చేసేటప్పుడు ఆ తోక ఒక్కటి కొట్టేయించు. అది కుదరదంటే, ఇవ్వనన్న సారు కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టాలని ఇంకో లైను వేయించు.

ఇట్లు,
విశాఖ గుమస్తాలు