అద్దెను పన్నెండుతో గుణించి అక్కడే ఆగిపోతున్నారు

"ఒక ఇల్లు కొని అద్దెకిచ్చెయ్, కూర్చున్న చోటికే నెలనెలా డబ్బులొస్తాయి" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లుగా ఇల్లు అద్దెకిస్తున్నాను, ఇకముందూ ఇస్తాను. ఇల్లు కొనొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ మాట నమ్మి తలకు మించిన అప్పు చేసి, రెండేళ్లు తిరగకుండానే "ఎలాగోలా అమ్మిపెట్టండి" అంటూ తిరిగేవాళ్లను చూశాను. వాళ్లకు ముందే ఎవరైనా లెక్క చెప్పి ఉంటే బాగుండేదని మనసులో ఉండిపోయింది.

ఇంటి ఖరీదు 100 అనుకోండి. ఏడాదికి అద్దె 5 వస్తుందనుకోండి. అందరూ ఈ అయిదు దగ్గరే ఆగిపోతారు. ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఆ ఏడాది అద్దెలో 8.33 శాతం పోయినట్టే. రిపేర్లకు ఏటా ఇంటి ఖరీదులో ఒక శాతం పక్కన పెట్టాలన్నది చాలామంది వాడే ఉజ్జాయింపు లెక్క. ఈ రెండూ తీసేస్తేనే అయిదు కాస్తా మూడున్నర అవుతుంది. ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, అద్దె మీద ఆదాయపు పన్ను ఇంకా లెక్కలోకి రానేలేదు. చేతిలో మిగిలేది మూడు దాటితే సంతోషించాలి.

ఇక అప్పు చేసి కొంటే? 80 అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఏడాదికి ఈఎంఐలే 8 దాటతాయి. మొదటి ఏడాది కట్టినదాంట్లో 6.3 వడ్డీకే పోతుంది. పదేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టాక కూడా ఆ 80లో 55 మిగిలే ఉంటుంది. అద్దె డబ్బుతో ఈఎంఐ గడిచిపోతుందని ఎవరైనా అంటే కాగితం, పెన్ను వాళ్ల ముందు పెట్టండి. జీతంలోంచి ఏళ్ల తరబడి వేసుకుంటూ పోవాల్సిందే.

"ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరగొచ్చు, ఏళ్ల తరబడి కదలకుండానూ ఉండొచ్చు. 20 ఏళ్లలో రెట్టింపైందంటే ఏడాదికి మూడున్నర శాతమే పెరిగినట్టు, అంతే.

డబ్బు లెక్క సరే, నేను అంతకన్నా పెద్ద పొరపాటు మనుషుల విషయంలో చేశాను. నాలుగో ఏడాది మా ఇంట్లో ఒక కుటుంబం ఉండేది. మొదటి వారం దాటకుండా అద్దె వేసేవాళ్లు. పక్కన ఎవరో ఎక్కువ తీసుకుంటున్నారని విని ఒకేసారి పది శాతం పెంచాను. ఆయన బతిమాలలేదు, గొడవా పెట్టుకోలేదు. "మాకు కుదరదండీ" అన్నారు, నెల రోజులకు ఖాళీ చేశారు. నేను వెళ్లేసరికి వంటగది గట్టు శుభ్రంగా తుడిచి ఉంది. దాని మీద తాళాలగుత్తి, ఏ తాళం ఏ తలుపుదో రాసిన చిన్న కాగితం. అలాంటి వాళ్లు మళ్లీ దొరకడం ఎంత కష్టమో ఆ కాగితం చూశాకే తెలిసింది.

ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. రంగులకు, కొళాయిలు మార్చడానికి ఇంకో నెల అద్దెంత అయింది. మొత్తం మూడు నెలల అద్దె పోయింది. పది శాతం పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 1.2 నెలల అద్దె. ఆ పెంచిన అద్దె కొత్తవాళ్లు మొదటి రోజు నుంచే ఇచ్చినా, పోయింది పూడటానికి 30 నెలలు పడుతుంది. ఇదంతా పెంచేముందు వేసుకోవాల్సిన లెక్క!

తర్వాత వచ్చినావిడ ఒకసారి ఫోన్ చేసి, బాత్రూం గోడకు అవతలి వైపు అరచేతంత చెమ్మ కనిపిస్తోందన్నారు. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. మూడు నెలలకు ఆ మరక గోడ పొడవునా పాకింది. రంగు పెచ్చులుగా రాలింది, తలుపు చెక్క ఉబ్బి గడియ పడటం మానేసింది. తీరా చూస్తే గోడ లోపల పైపు జాయింటు దగ్గర లీకు. పగలగొట్టిన చోట వేయడానికి అవే టైల్స్ దొరక్క గోడ మొత్తానికి కొత్తవి వేయించాల్సొచ్చింది. మొదటి ఫోన్‌కే ప్లంబర్‌ను పంపి ఉంటే ఒక పూట పని. ఆ మూడు నెలలూ ఆ చెమ్మ వాసనలో ఉన్నది నేను కాదు, ఆవిడ పిల్లలు. ఖర్చు కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అద్దె తీసుకుంటున్నామంటే ఉండదగ్గ ఇల్లు ఇస్తామని మాటిచ్చినట్టే కదా.

కొనాలనుకునేవాళ్లు నన్నడిగితే ముందు ఒకటే అడుగుతాను. ఆరు నెలలు ఒక్క రూపాయి అద్దె రాకపోయినా, ఈఎంఐ కట్టి ఇంట్లో పొయ్యి వెలిగించగలరా? ఆ ఆరు నెలల డబ్బు వేరే ఖాతాలో పెట్టాకే అడ్వాన్సు ఇవ్వమంటాను. నాకు ఆ ఖాతా నింపడానికి మూడేళ్లు పట్టింది. అందులోంచి మొదట తీసిన డబ్బు ఆ గోడ టైల్స్‌కే పోయింది.