యెరూషలేము యువతకు కెరీర్ గైడెన్స్

మొదటి శతాబ్దపు యెరూషలేములో పిల్లాడికి 16 ఏళ్లు వచ్చాయంటే ఇంట్లో టెన్షనే. యూదుల మతశాఖల్లో దేంట్లో చేర్చాలి? కాస్త ఆలస్యమైనా, ఆ తల్లిదండ్రుల సౌకర్యార్థం ఈ సలహాలు.

ఇంట్లో డబ్బుంటే సద్దూకయ్యులు. సిలబస్ తక్కువ. రాసి ఉన్న ధర్మశాస్త్రం చాలు. విధి లేదు, పునరుత్థానం లేదు. గురువుతో వాదించడం సుగుణం. కాకపోతే పదవిలోకి వచ్చాక జనానికి జడిసి పరిసయ్యులు చెప్పినట్టే నడుచుకోవాలి. వీళ్ల బలమంతా యెరూషలేము ఆలయ పూజారి వర్గంలోనే, కాబట్టి ఉద్యోగ భద్రత కూడా ఆలయం ఉన్నంతవరకే. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని నేలమట్టం చేశారు.

పరిసయ్యుల దగ్గర సిలబస్ కొండంత. ధర్మశాస్త్రంతో పాటు పెద్దల నోట వచ్చిన సంప్రదాయమూ చదవాలి. విధి ఉంది, మనిషి ఇష్టమూ ఉంది (ఇంత సర్దుబాటు తెలిసినవాడు ఎక్కడైనా బతికేస్తాడు). అసలు పరీక్ష ప్రాక్టికల్స్‌లో. శుద్ధమైన పాత్రలోంచి అశుద్ధమైన పాత్రలోకి నీళ్లు పోస్తున్నాం. కింది మైల ఆ ధార పట్టుకుని పై పాత్రలోకి ఎక్కుతుందా? ఎక్కదని పరిసయ్యులు, ఎందుకెక్కదని సద్దూకయ్యులు. శ్మశానం మీదుగా వచ్చే కాలువ నీళ్లు మాత్రం మీకు శుద్ధమా అని పరిసయ్యుల ఎదురుప్రశ్న. యూదు పెద్దల నోటి సంప్రదాయాన్ని తర్వాత గ్రంథంగా కూర్చిన మిష్నాలో ఈ తగాదా భద్రంగా ఉంది. మడి కట్టుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇందులో నవ్వే విషయమేమీ కనిపించదు.

ఎస్సేనీయుల దగ్గర అంతా విధే, కాబట్టి కెరీర్ గైడెన్స్ అనవసరం. ఆస్తి ఉమ్మడి ఖాతాలో వేయాలి. ప్రొబేషన్ మూడేళ్లు. చేరగానే తెల్లబట్టలు, చిన్న గొడ్డలి ఇస్తారు. యుద్ధానికి కాదు, కాలకృత్యాలకి అడుగు లోతు గుంట తవ్వుకోవడానికి. విశ్రాంతి దినాన ఆ పనికీ సెలవే.

నాలుగో శాఖ క్రీ.శ. 6లో గలిలయుడైన యూదా పెట్టింది. దేవుడు తప్ప రాజు లేడన్నది వాళ్ల పాఠం. ప్లేస్‌మెంట్స్ రోమన్లే చూసుకుంటారు. యూదా కొడుకుల్లో ఇద్దరికి సిలువ వేశారు.

ఎటూ తేలకపోతే ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ బాట పట్టండి. సుమారు 16వ ఏట మొదలుపెట్టి మొదటి మూడు శాఖలూ కష్టపడి చదివాడట. అది చాలక ఎడారిలో చెట్ల నార కట్టుకు తిరిగే బన్నుస్ అనే సన్యాసి దగ్గర మూడేళ్లు శిష్యరికం చేశాడట. 19వ ఏట ఊరికొచ్చి పరిసయ్యుల దారి పట్టాడట. ఆత్మకథలో ఆయన రాసుకున్నదే ఇది. 16కి 3 కలిపితే 19. ఇక మూడు శాఖల కోర్సు ఎప్పుడు పూర్తయిందో, ఎస్సేనీయుల ప్రొబేషన్ ఏ సందులో దూరిందో అడగకండి. ఈ శాఖల గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆయన చెప్పిందే.