కాంబో బాక్స్ పెట్టినంత మాత్రాన రికార్డు దానంతటదే రాదు

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (ఖాతాల్లాంటి వివరాలు దాచుకునే డేటాబేస్ ప్రోగ్రాం) నేర్చుకునేవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు, అందులో ఇద్దరు "చూశావా, ఇంత సులువు, నువ్వేమో దీనికి రెండు రోజులు తీసుకున్నావు" అని ఒక మాట కూడా తగిలించారు. మెసేజ్‌లో ఉన్నది ఇంతే: ఫారంలో (రికార్డులు చూపించే తెర) కాంబో బాక్స్ (నొక్కితే కిందికి జాబితా తెరుచుకునే పెట్టె) పెట్టండి, విజార్డ్‌లో (ప్రశ్నలడిగి ఆ పెట్టెని తయారుచేసిపెట్టేది) మూడో ఆప్షన్ (ఎంచుకున్నదాన్ని బట్టి ఫారంలో రికార్డు వెతికేది) ఎంచుకోండి, కోడ్ అక్కర్లేదు, జాబితాలో పేరు నొక్కితే ఆ రికార్డు వచ్చేస్తుంది, ముందే ఫారంలో ఉన్న పేరు పెట్టెని కాపీ చేసుకున్నా పనైపోతుంది, ఎప్పుడైనా పనిచేస్తుంది, లక్ష రికార్డులున్నా ఇదే దారి.

నేను విజయనగరంలో ఉంటాను. రాజాం, చీపురుపల్లి వైపు కొట్లకి ఖాతాల ఫారాలు చేసిపెడుతుంటాను. కాబట్టి ఒక్కొక్కటే చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి.

"కోడ్ అక్కర్లేదు." సగం నిజమే. యాక్సెస్ 2007 నుంచి విజార్డ్ కోడ్ రాయదు, లోపల ఒక మాక్రో (ముందే తయారైన ఆదేశం) పెట్టేస్తుంది, రికార్డుని వెతికేది అదే. కానీ ఆ మూడో ఆప్షన్ కనబడాలంటే ఫారం అప్పటికే ఏదో ఒక టేబుల్‌కో (డేటా ఉండే పట్టిక) క్వెరీకో (పట్టికల్లోంచి కావాల్సినవి తెచ్చేది) కట్టి ఉండాలి. ఖాళీ ఫారం మీద పెట్టి "నాకు రెండు ఆప్షన్లే వస్తున్నాయి" అని ఫోన్ చేసేవాళ్లు చాలామంది. ఇంకొందరు పాత 2003 వెర్షన్ విజార్డ్ రాసిన కోడ్‌ని ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు. అందులో ఫైండ్ ఫస్ట్ (సరిపోయిన మొదటి రికార్డుని వెతికే ఆదేశం) చేశాక ఈఓఎఫ్ (రికార్డుల చివర దాటామా అన్న గుర్తు) అయిందా లేదా అని చూస్తుంది. అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఫైండ్ ఫస్ట్‌కి రికార్డు దొరక్కపోతే నో మ్యాచ్ అనేది ట్రూ అవుతుంది, ఈఓఎఫ్‌తో దానికి సంబంధం లేదు. దొరకనప్పుడు క్లోన్ (వెతకడానికి వాడే ఫారం రికార్డుల నకలు) ఏ రికార్డు మీద నిలబడి ఉంటుందో చెప్పలేం, అయినా సరే ఆ కోడ్ బుక్‌మార్క్ (ఆ రికార్డు చోటు గుర్తు) పట్టుకుని మనల్ని అక్కడికే తీసుకెళ్తుంది. సరే, ఇది చిన్న విషయం, ఒక్క మాట మారిస్తే పోతుంది.

"పేరు నొక్కితే ఆ రికార్డు వచ్చేస్తుంది." ఎవరి పేరు బాబూ? ఈ మెసేజ్ రాసినాయన మన వైపు వాడు కాదని ఇక్కడే తెలిసిపోతోంది. అరసవల్లి పక్కనుంటే ఊరికి పదిమంది సూర్యనారాయణలు, సూర్యారావులు. ఇటు పైడితల్లి అమ్మవారి పుణ్యమా అని పైడిరాజులు, పైడితల్లిలు. సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం (ఈ పేరు మగవాళ్లకీ ఆడవాళ్లకీ కూడా ఉంటుంది). నేను చేసిన ఒక ఎరువుల కొట్టు ఖాతాలో అక్షర క్రమంలో జాబితా తెరిస్తే ఒక తెర మొత్తం అప్పలే. అందులో ఏది ఏ ఊరి అప్పలనాయుడిదో దేవుడికే తెలియాలి.

పేరు మీద ఫైండ్ ఫస్ట్ చేస్తే దాని పేరులోనే ఉంది, మొదటివాడే వస్తాడు. మీరు జాబితాలో నాలుగో సూర్యనారాయణని నొక్కినా సరే, ఫారం మొదటి సూర్యనారాయణ దగ్గర ఆగుతుంది. అందుకే వెతకాల్సింది ఖాతా నెంబరుతో. జాబితా మొదటి కాలమ్‌లో నెంబరు పెట్టి, దాని వెడల్పు సున్నా చేసి దాచేసి, బౌండ్ కాలమ్ (పెట్టె తన విలువగా తీసుకునేది) అదే ఉంచాలి. నిజానికి విజార్డ్ కూడా ప్రైమరీ కీ (ఒక్కో రికార్డుకీ వేరుగా ఉండే గుర్తింపు) ఉంటే దాన్ని ఇలాగే దాస్తుంది, ఆ మేరకి దానికి మార్కులు వేయాల్సిందే.

అయితే నెంబరు దాచినంత మాత్రాన గొడవ తీరలేదు. కాంబో బాక్స్ కిందికి తెరిచినప్పుడు నాలుగు కాలమ్‌లు చూపిస్తుంది, మూసేశాక మాత్రం కనబడే మొదటి కాలమ్ ఒక్కటే మిగులుతుంది. పేరు, తండ్రి పేరు, ఊరు మూడు కాలమ్‌లుగా పెట్టారనుకోండి, ఎంచుకున్న మరుక్షణం ఊరు మాయం, "సూర్యనారాయణ" అని మాత్రం ఉంటుంది. పైగా టైప్ చేసి వెతికేవాళ్లకి ఆ మొదటి కాలమ్‌లో ముందుగా సరిపోయిన వరుసే పట్టుకుంటుంది. కాబట్టి క్వెరీలోనే మూడింటినీ కలిపి ఒకే కాలమ్‌గా చేయండి, "సూర్యనారాయణ, తండ్రి అప్పన్న, ఫలానా వలస" అన్నట్టు. మన వైపు ఊళ్ల పేర్లు కూడా సగం వలసలూ పేటలే అనుకోండి, అయినా తండ్రి పేరుతో కలిస్తే మనిషి దొరుకుతాడు. ఇంకోటి, టైప్ చేసేది మొదటి అక్షరం నుంచే కలవాలి, మధ్యలోంచి వెతకదు. ఇంటిపేరు ముందు రాసిన జాబితాలో "సూర్య" అని కొడితే ఏమీ రాదు. ఒకడు "సూర్యనారాయణ" అని కలిపి, ఇంకొకడు "సూర్య నారాయణ" అని విడగొట్టి రాస్తే ఆ రెండూ జాబితాలో వేర్వేరు చోట్ల కూర్చుంటాయి. ఇవేవీ కాంబో బాక్స్ తప్పులు కావు, కానీ "నొక్కితే వచ్చేస్తుంది" అన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూసుకుంటారు?

"ముందే ఉన్న పేరు పెట్టెని కాపీ చేసుకున్నా పనైపోతుంది." ఇది చదివి నాకు నిజంగా ఒళ్లు మండింది, ఎందుకంటే నేను సరిగ్గా అదే చేసి దెబ్బ తిన్నాను. ఆ ఎరువుల కొట్టుకే. ఎంట్రీ కోసం చేసిన పేరు కాంబోని కాపీ కొట్టి పైన హెడర్‌లో అతికించి, దానికి వెతికే కోడ్ రాసి, రెండుసార్లు నొక్కి చూసి, బాగుందనుకుని వచ్చేశాను. దాని కంట్రోల్ సోర్స్ తీసేయడం మర్చిపోయాను. అంటే ఆ పెట్టె ఇంకా పేరు ఫీల్డ్‌కే కట్టి ఉంది. కౌంటర్ దగ్గర పిల్లాడు సూర్యనారాయణ ఖాతా చూస్తూ, తర్వాత వచ్చిన అప్పలనాయుడి కోసం పైన అప్పలనాయుడు అని ఎంచుకున్నాడు. ఫారం బుద్ధిగా అప్పలనాయుడి దగ్గరకి వెళ్లింది. వెళ్లే ముందు సూర్యనారాయణ రికార్డులో పేరు చెరిపి అప్పలనాయుడు అని రాసి, సేవ్ చేసి మరీ వెళ్లింది. గంతు మాత్రం సరిగ్గానే పడుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం కొట్టు ఓనరు ఫోన్: "ఏటి బావూ, నిన్న డబ్బులు కట్టీసినాయన ఖాతాలో ఇంకోడి పేరుందేటి?"

వెళ్లి చూస్తే కౌంటర్‌కి ఎవరి తర్వాత ఎవరు వచ్చారో ఆ వరసలోనే పేర్లు ఒక్కో ఖాతా వెనక్కి జరిగి కూర్చున్నాయి. బిల్లు బుక్కు వరసగా ఉండబట్టి సరిపోయింది. దాన్ని పక్కన పెట్టుకుని రాత్రి పదిన్నర దాకా ఒక్కొక్కటీ వెనక్కి మార్చాను. డబ్బులు అడగలేదు, అడిగే ముఖం ఎక్కడిది. వెతికే పెట్టెకి కంట్రోల్ సోర్స్ ఖాళీగా ఉండాలి. ప్రాపర్టీలు తెరిచి మొదట చూడాల్సింది అదే.

"ఎప్పుడైనా పనిచేస్తుంది" అని కూడా ఉంది ఆ మెసేజ్‌లో. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బోర్డు మీద పాలకొండ అని ఉన్నంత మాత్రాన పాలకొండ బస్సు ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టా? జాబితా వచ్చేది రో సోర్స్ నుంచి, ఫారంలో రికార్డులు వచ్చేది రికార్డ్ సోర్స్ నుంచి, ఈ రెండూ ఒకదాన్ని ఒకటి అడగవు. రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది కదా, ఇదే కొట్లో పాత రైతుల ఖాతాల్లో జిల్లా శ్రీకాకుళం అనే ఉండిపోయింది. ఎవరో ఒక రోజు విజయనగరం మాత్రమే కనబడేలా ఫిల్టర్ పెట్టి అలాగే వదిలేశారు. జాబితాలో రాజాం రైతులందరి పేర్లూ ఉన్నాయి, నొక్కితే సగం మంది రారు. ఖాతా పోయిందని కంగారు. వెతకబోయే ముందు ఫిల్టర్ తీసేయాలి, లేదా కనీసం "ఫిల్టర్ ఉంది, అందుకే దొరకలేదు" అని మెసేజ్ ఇవ్వాలి. డేటా ఎంట్రీ మోడ్‌లో (కొత్తవి చేర్చడానికి మాత్రమే) తెరిచిన ఫారంలో అయితే పాత రికార్డులు అసలే ఉండవు.

దీనికే ఇంకో కొస ఉంది. కాంబోలో పైడిరాజుని ఎంచుకుని, తర్వాత కింద బాణం గుర్తు నొక్కి పక్క రికార్డుకి వెళ్తే పైన ఇంకా పైడిరాజే కనబడుతుంటాడు, కింద బాకీ మాత్రం వేరేవాళ్లది. ఫారం ఆన్ కరెంట్ ఈవెంట్‌లో (రికార్డు మారిన ప్రతిసారీ నడిచేది) కాంబోకి ఇప్పటి ఖాతా నెంబరు ఇచ్చే ఒక్క లైను రాయాలి. కొత్త రైతుని చేర్చాక జాబితాలో కనబడాలంటే కాంబోని రీక్వెరీ చేయాలి (జాబితా మళ్లీ తెప్పించాలి). విజార్డ్ ఈ రెండూ చేయదు.

"లక్ష రికార్డులున్నా." కాంబో బాక్స్ జాబితా సుమారు 65 వేల వరుసల దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాతి పేర్లు అసలు కనబడవు. అంతదాకా ఎందుకు, డేటా ఒక కంప్యూటర్‌లో, ఫారం ఇంకో కంప్యూటర్‌లో ఉంటే పది వేలకే ఆయాసం మొదలవుతుంది. మూడు అక్షరాలు కొట్టేదాకా జాబితా ఖాళీగా ఉంచి, ఆ తర్వాత వాటితో మొదలయ్యే పేర్లే తెచ్చేలా చేస్తే ఊపిరి పీలుస్తుంది. రెండు మూడు వందల పేర్లకైతే కాంబో బాక్స్‌ని మించింది లేదు, దాని మీద నాకేం కోపం లేదు.

ఆ ఎరువుల కొట్లో ఇప్పుడు కాంబో పక్కనే ఒక చిన్న ఖాళీ పెట్టె పెట్టాను, ఫోన్ నెంబరు చివరి నాలుగు అంకెలు కొట్టడానికి. పిల్లాడు కాంబో వైపు చూడటమే మానేశాడు.