ఉచిత గాలికి ధర కట్టాలని ఒక విన్నపం

మోటారు సైకిలు చక్రంలో ఎంత గాలి ఉండాలో నిర్ణయించే అధికారం ఆ బండిని తయారుచేసిన ఇంజనీర్లదని బయటి ప్రపంచం ఇంకా అమాయకంగా నమ్ముతోంది. ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఆ అధికారం కాలి బూటుకు, కుడిచేతి బొటనవేలికి, పంక్చరు షాపు ముందు బల్ల మీద తీరిగ్గా కూర్చున్న పెద్దమనిషికి దఖలు పడి చాలాకాలమైంది. బూటుతో తన్నినప్పుడు చక్రం బూటును ఎగరగొడితే పాసు, లోపలికి నొక్కుకుపోతే ఫెయిలు. బొటనవేలితో నొక్కి చూసే సంప్రదాయం దీనికంటే శాస్త్రీయమైనదని పేరు. గాలి మీటరు మీద ఇరవై పాయింట్లు (పీఎస్ఐ) చూపే టైరూ ముప్ఫై అయిదు పాయింట్ల టైరూ ఆ వేలికి ఒకే తీరున గట్టిగా తగులుతాయన్న చిన్న లోపాన్ని పండితులెవరూ పట్టించుకోరు. ఇక బల్ల మీది పెద్దమనిషి ఎండాకాలంలో టైరు పేలుతుంది కాబట్టి రెండు పాయింట్లు తగ్గించమంటారు, వానాకాలంలో బండి జారుతుంది కాబట్టి రెండు తగ్గించమంటారు, చలికాలంలో నడుము పట్టేస్తుంది కాబట్టి మరో రెండు తగ్గించమంటారు. పెంచమన్న ఋతువు ఆయన పంచాంగంలో లేదు.

గాలి కొట్టే కుర్రవాడు మాత్రం నిష్పక్షపాతి. నాజిలు చేతబట్టుకుని ముందు "కేతే దేబి, ఆగ్యా?" అని ఒరియాలో అడిగి, మన మొహం చూసి "ఎంత కొట్టమంటారు బాబూ?" అని తెలుగులోకి దిగుతాడు. ఏ భాషలో అడిగినా మన జవాబు ఒక్కటే: "నీకు తెలీదేటి, చూసి కొట్టు." సరిగ్గా ఆ సమయానికి అతని మోకాలికి జానెడు దూరంలో, చైను కవరు మీదనో వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీ మీదనో, నల్లటి గ్రీజు పొర కింద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. గుడ్డ ముక్క మీద కాస్త కిరోసిను వేసి తుడిస్తే అంకెలు బయటపడతాయి. రోజువారీ వంద, నూట పాతిక సీసీ బళ్లలో చాలావాటికి ముందు చక్రానికి 25, ఒక్కరే నడిపితే వెనక చక్రానికి 28 చుట్టుపక్కల, వెనక ఇంకొకరు కూర్చుంటే బండిని బట్టి 32 మొదలు 41 దాకా రాసి ఉంటుంది. బరువును బట్టి గాలి మారాలన్న ఈ సిద్ధాంతం మన కుటుంబ వ్యవస్థకు పూర్తిగా విరుద్ధం కనుకనే కాబోలు దాన్ని గ్రీజుతో కప్పి ఉంచుతాం. గుమ్మ కొండల్లోంచి జీడిపిక్కల బస్తా వేసుకుని, బస్తా మీద బావమరిదిని కూర్చోబెట్టుకుని పలాస దిగే బండికీ, మూడో వీధిలో కొత్తిమీర కట్టకు వెళ్లే బండికీ ఒకే గాలి సరిపోవాలన్నది మన సమతావాదం.

స్టిక్కరు కనబడని సూక్ష్మబుద్ధులు కొందరు టైరు పక్క గోడ మీద అచ్చయి ఉన్న పెద్ద అంకెను ప్రమాణంగా తీసుకుంటారు. అది ఆ టైరు గరిష్ఠ బరువు మోసేటప్పుడు తట్టుకోగల హద్దే తప్ప మీ బండికి కావలసిన గాలి కాదు. ఏ బండికి అమరుస్తారో టైరు కంపెనీకి తెలియదు కదా. అయినా అంత గాలీ కొట్టించుకుని, టైరు నడిమధ్యన మాత్రమే అరిగిపోతుంటే రోడ్లు వేసిన కాంట్రాక్టరును తిట్టుకోవడంలో ఒక ఆనందం ఉంది.

అన్నిటికంటే నన్ను అబ్బురపరిచేది మన పొదుపు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు ఒరిస్సాలో, పాతపట్నం అటు ఇప్పటి ఆంధ్ర వైపు పడ్డాయి. ఆ పుణ్యాన ఇప్పుడు పెట్రోలు ఇటు చవక, అటు ప్రియం. లీటరుకు మిగిలే ఆ కొద్ది రూపాయల కోసం అటువారు టాంకు నింపుకోవడానికి ఇటు వస్తారు. అలా వచ్చేవారి వెనక టైరును ఒక్కసారి వంగి చూడండి. పక్క గోడలు ఉబ్బి, అంచులు అరిగి, బండి నేలకు అతుక్కుని నడుస్తుంటుంది. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ గోడలు మడతపడి విప్పుకుంటాయి, ఆ మడతలో పుట్టే వేడంతా మనం పోసిన పెట్రోలే. సరిహద్దు దాటి సంపాదించిన రూపాయిని ఇల్లు చేరేలోగా వేడిగా మార్చి రోడ్డుకు సమర్పించడం త్యాగం కాక మరేమిటి? పోనీ గాలి ఖరీదా అంటే, బంకుల్లో దాన్ని ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. కంప్రెసరుకు "మెషిన్ ఖరాప్" అన్న అట్టముక్క వేలాడని రోజు చూసుకుని వెళ్లాలి, అంతే.

వెళ్లినా మనం ఎండలో నలభై కిలోమీటర్లు తోలాకే వెళతాం. టైరులో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే మూడు గంటలైనా నిలిపి ఉంచాక, కొలవాలి. వేడెక్కిన టైరులో కొలత ఎక్కువ చూపడం సహజం. ఆ ఎక్కువను చూసి బెదిరి, కుర్రవాడి చేత బుస్సుమని వదిలించి, మర్నాటి ఉదయానికి మళ్లీ మెత్తటి టైరుతో బయల్దేరడం మన నిత్యకృత్యం.

ఉచితం కావడమే గాలి చేసుకున్న పాపమని నా దృఢ విశ్వాసం. సాక్ష్యం కావాలంటే నైట్రోజన్‌ను చూడండి. మామూలు గాలిలో 78 శాతం అదే ఉంది. విమానాల టైర్లలో దానికి పని ఉంది కానీ, సంతకు వెళ్లే బండికి అది చేసే మేలు స్వల్పం. అయినా చక్రానికింత అని డబ్బు పుచ్చుకుని, వాల్వుకు ఆకుపచ్చ టోపీ తొడిగేసరికి, ఏనాడూ అంకె అడగని మనిషి మీటరు మీదికి వంగి కళ్లద్దాలు సవరించుకుంటాడు.

కాబట్టి గాలికి పాయింటుకు రూపాయి చొప్పున ధర నిర్ణయించాలని ప్రభుత్వం వారిని వినయపూర్వకంగా కోరుతున్నాను. ఆ మర్నాటి నుంచే ప్రతి ఇంట్లోనూ సొంత గేజి ఉంటుంది, పోయిన వాల్వు టోపీల కోసం వీధులు వెతుకుతారు, "మొన్న 28 కొట్టించాను, ఇవాళ 26 చూపిస్తోంది, నా రెండు రూపాయలు ఎవరు తిన్నారు?" అని తగువులు పుడతాయి. ఒడిశా వైపు పాయింటుకు పది పైసలు తగ్గిస్తే మరీ మంచిది. అయితే అప్పుడు ఖాళీ చక్రాల బళ్లను తోసుకుంటూ పాతపట్నం నుంచి వచ్చేవారికి సరిహద్దు దగ్గర వేరే వరుస ఏర్పాటు చేయవలసి ఉంటుందని కూడా ఈ విన్నపంలోనే ముందుగా మనవి చేసుకుంటున్నాను.